కొడుకు కాదని చెప్పాల

అమ్మ పేరేంది అని పోలీసాయన అడిగితే మా శివనేశు "పరమేశ్వరి" అన్నాడు. చేతిలో ఉండే ఆధార్ కార్డు ప్రకారం వాని పేరు నరేంద్ర, నాయన కేశవులు శెట్టి. ఆ ఇంటి రేషన్ కార్డులో తల్లి మహానందమ్మ. పోయిన శుక్రవారం ఆళ్లగడ్డలో విగ్రహాల షెడ్లన్నీ తిరిగి బయటూరి కూలీల కార్డులు చూస్తాండిన పోలీసులు ఆ ఒక్క మాటకాడ ఆగిపోయినారు. వాడు శ్రీలంకలో జాఫ్నా నుంచి తల్లి ఒళ్లో కూర్చుని పడవలో వచ్చినోడు, తమిళనాడు శరణార్థుల క్యాంపులో పెరిగినోడు, తల్లి పోయినాక ఉలి పట్టుకుని ఊళ్లు తిరిగి తిరిగి మా ఊరికి చేరినోడు. ఇన్నేండ్లు ఎవురికీ అనుమానం రాకుండా బతికి, చచ్చిపోయిన తల్లి పేరు మార్చి చెప్పలేక దొరికిపోయినాడు. కార్డు పట్టుకుపోయినారు. సోమవారం నంద్యాలకొచ్చి నువ్వెవరో తేల్చి చెప్పు అన్నారు.

ఒక్క పేరు చెప్పలేకపోయినావా అని నేను ఆ పొద్దంతా వాన్ని తిడతానే ఉన్నా. వాడు తల ఎత్తలేదు. నోట్లోంచి రాలేదు బావా అన్నాడు, అంతే.

వాడు నా చెల్లెలు నాగవేణి మొగుడు. పెండ్లి నాటికి మా నాయన లేడు, కాబట్టి వాని కాళ్లు కడిగి పిల్లను ఇచ్చింది నేను. వాళ్ల బిడ్డ జాహ్నవి నాలుగో తరగతి చదువుతాంది. వాడు పోతే ఆ ఇల్లు ఏమైతాదో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మా నాయన పోయిన ఏడు నేను ఏడో తరగతి. పుస్తకాల సంచి గోడకు తగిలించి రాయికి పాలీషు పట్టను పోయినా. ఆ సంచి మళ్లా దించినోడు లేడు. ఓబులేసు మంచోడప్పా, ఇంటిని నిలబెట్టినాడు అని ఊరంతా అంటాది. ఆ మాట అనేదానికి ఎవురికీ ఏం ఖర్చు కాదు.

శనివారం వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని నంద్యాల పోయినా. సంజీవనగర్‌లో కమలాక్షమ్మ అని ఒక వకీలు ఉంది. మాట కటువు, అయితే ఆశ పెట్టి తిప్పుకునే రకం కాదు. మేం చెప్పిందంతా విని ముందు శివనేశును తిట్టింది, తర్వాత నన్ను తిట్టింది, ఆ తర్వాతే కూర్చోమని కుర్చీలు చూపించింది.

నా లెక్క నాకుండె. మా చెల్లెలు ఈ దేశంలో పుట్టింది, దాని మెడలో తాళి కట్టినాడు, బిడ్డను కన్నాడు, ఇంగ వీడు ఈ దేశపోడు కాకుండా ఎట్ల పోతాడు అనుకున్నా. కమలాక్షమ్మ నవ్వింది. కాగితాల్లేకుండా దాటుకొచ్చినోడు పెండ్లాం పేరు చెప్పి పౌరసత్వం అడిగేదానికి చట్టంలో దావ లేదంట. అంతటితో పోలేదు. బిడ్డ ఈడనే పుట్టినా, తల్లి ఈడమనిషే అయినా, నాయన దొంగదావన వచ్చినోడని తేలితే రేపు బిడ్డ సంగతి గూడా ప్రశ్న అయితాదంట. నాగవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరి కేశవులు శెట్టి కొడుకునే అని అట్లే సాధిస్తే ఏమైతాది అని అడిగినా. దొంగకార్డు కేసు అయితాది, జైలైతాది, జైల్లోంచి బయటికొస్తే విదేశీయుల్ని పెట్టేచోట పెడతారు, ఆడినుంచి యాడికి పంపుతారో నేను చెప్పలేను అనింది.

ఉండేది ఒక్క దావ. చిన్నప్పుడు క్యాంపులో తల్లితో పాటు వీని పేరు గూడా రాసుకున్నారు. అట్ల ముందే పేరు నమోదైన లంక తమిళులను కాగితాల్లేకుండా వచ్చినారని శిక్షించకుండా సర్కారు మినహాయింపు ఇచ్చి ఉండాదంట. తనంతట తానే వచ్చి, నేను పరమేశ్వరి కొడుకు శివనేశన్‌ను అని ఆ పాత పేరుతో నిలబడితే, పెండ్లాం బిడ్డతో ఈడనే ఉండేదానికి అనుమతి అడగొచ్చు. పౌరుడు కాడు, ఓటు లేదు. కార్డు కేసు వేరేగా కొట్లాడుకోవాల. అయితే ఇంట్లో పండుకోవచ్చు. బిడ్డను బడికాడ దింపి రావొచ్చు.

అది చాలు మేడం అన్నాడు శివనేశు. వాడు ఆడ నోరు తెరిచింది ఆ ఒక్కసారే.

"చాలు గాని, దానికి అడ్డం మీ పెండ్లే" అనింది కమలాక్షమ్మ.

మా పక్క పద్ధతి ఒకటుంది. పెండ్లికొడుక్కు తల్లీనాయనా లేకుంటే ఎవరన్నా ఆలుమగలు పీటల మీద కూర్చుని ఆ జాగా నింపుతారు. ఆ పొద్దునుంచి ఆ ఇంటిపేరు వానిదైతాది, ఆ గోత్రం వానిదైతాది. శివనేశుకు అట్ల కూర్చున్నోళ్లు కేశవులు శెట్టి, మహానందమ్మ. శుభలేఖలో మా కుమారుడు అని వేయించినారు. వాళ్ల సొంత కొడుకు నరేంద్ర పదిహేడో ఏట నాయనతో పోట్లాడి ఇల్లు వదిలిపోయి మళ్లా రాలేదు. ఆ పేరు రేషన్ కార్డులో అట్లే ఉండిపోతే, దాని మీద శివనేశుకు ఆధార్ తీయించింది గూడా ఆ శెట్టే. ఇప్పుడు ఆ ఆలుమగలిద్దరూ అధికారి ముందరికొచ్చి, వీడు మా కొడుకు కాదు, పెండ్లికోసం కూర్చున్నాం, కార్డు మేమే తీయించినాం అని చెప్పాల. వాళ్లు చెప్పకుంటే క్యాంపులో ఉండిన ఆ పిల్లోడు వీడేనని ఎవరు నమ్ముతారు.

మెట్లు దిగబోతాంటే కమలాక్షమ్మ నన్నొక్కన్నే వెనక్కి పిలిచింది. వీడు నరేంద్ర కాకుంటే నరేంద్ర యాడ అని కచ్చితంగా అడుగుతారు, ఆ ముసలోళ్లను దానికి సిద్ధం చేసి తీసుకురా అని చెప్పింది.

ఆదివారం పొద్దున్నే శెట్టి షెడ్డుకు పోయినా. హైవే పక్కన పొడుగు రేకుల షెడ్డు. శెట్టి ఉలి పట్టినోడు కాదు, చెక్కించి అమ్మేవాడు. శుక్రవారం పోయిన కూలీలు మళ్లా రాలేదు. గ్రైండర్లు ఆగిపోయి, లేచిన దుమ్మంతా కింద కూర్చుని, షెడ్డు శుభ్రంగా ఉండాది. అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు. శివనేశు చెక్కుతాండిన అమ్మవారు గోనెపట్టల మధ్యలో నిలబడుంది, కండ్లు ఇంకా తెరవలేదు. దాని పక్కన రాయి మీద కూర్చుని శెట్టి టీ తాగతాండాడు.

వకీలు చెప్పిందంతా చెప్పినా. ఆయప్ప మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు. తర్వాత, కార్డు తీయించింది నేనే అని రాసిస్తా, కావాలంటే నన్నే జైల్లో పెట్టమను, ఈ వయసులో యాడుంటే ఏముంది అన్నాడు. కొడుకు కాదని మాత్రం అనలేడంట. అగ్గి ముందర కూర్చుని కొడుకన్నోన్ని, ఆఫీసులో బల్ల ముందర నిలబడి కాదంటే ఆ పెండ్లి ఏం పెండ్లి అన్నాడు. ఎంత బాగా మాట్లాడినాడంటే, ఇంకొకడైతే కాళ్లకు మొక్కుతాండె.

ఇట్లాంటి పెద్దమాటలు వినే మా నాయన జీవితమంతా ఈ షెడ్లలో దుమ్ము మింగినాడు.

"ఒకటి అడగతా, నిజం చెప్పప్పా" అన్నా. "సొంత కొడుకైతే కూర్చుంటాంటివా?"

"ఏందీ?"

"మీ నరేంద్రే ఇంటికాడ ఉండి, పాలీషు పట్టే ఓబులేసు చెల్లెల్ని చేసుకుంటా అని ఉంటే, నువ్వు పీటల మీద కూర్చుంటాంటివా? ఆ పొద్దు మీవాళ్లల్లో ఒక్కడన్నా వచ్చి అక్షింతలేసినాడా? రాలేదు. ఎందుకంటే వాడు నీ కొడుకు కాదని వాళ్లకు తెల్సు, నీకు తెల్సు, కాళ్లు కడిగిన నాకు తెల్సు. పరాయోడు గాబట్టే మా ఇంటికి ఇచ్చినావ్. ఇచ్చి పుణ్యం కట్టుకున్నావ్. ఆ పొద్దు మనసులో ఉండిన మాటే ఈ పొద్దు నోటితో చెప్పమంటాండా. కొత్తది ఏమీ అడగలేదు."

శెట్టి టీ గ్లాసు రాయి మీద పెట్టినాడు. హైవే మీద బండలేసుకున్న లారీ ఒకటి పోయింది, రేకులు అదిరినాయి.

"నిజమే" అన్నాడు. "కూర్చునేవాన్ని కాదు." గ్లాసు పక్కకు జరిపి, "అయితే నొప్పి నాకు కాదప్పా. ఆమెకు" అన్నాడు.

ఆ నొప్పేందో నాకు తెల్సు, ఊరికంతా తెల్సు. మనిషి జాడలేకుండా పోయి పన్నెండేండ్లు దాటితే ఇంట్లోవాళ్లు దర్భలతో బొమ్మ చేసి, దానికి కొరివి పెట్టి, కర్మ చేస్తారు. నరేంద్ర పోయి పన్నెండేండ్లు నిండిన ఏడు శెట్టి దాయాదులు వచ్చి ఇంట్లో కూర్చున్నారు. కర్మ చెయ్యకుంటే ఇంటికి దోషం, కానిచ్చేద్దాం అన్నారు. మహానందమ్మ వంటింట్లోంచి బయటికొచ్చి, శివనేశు చెయ్యి పట్టుకొచ్చి వాళ్ల నడిమధ్యలో కూర్చోబెట్టి, నరేంద్ర ఈడుంటే ఎవురికి చేస్తారు కర్మ అని అడిగిందంట. కార్డు గూడా తెచ్చి చూపించిందంట. దాయాదులు కాఫీ తాగి లేచిపోయినారు. ఆ కార్డు శివనేశుకు కూలి పనికోసం పనికొచ్చింది. ఆయమ్మకు మాత్రం అది కొడుకు బొమ్మ కాలకుండా అడ్డం నిలబడింది. వీడు నరేంద్ర కాదని ఆయమ్మ నోటితో అనడమంటే ఆ దర్భలకు తానే నిప్పు పెట్టడం.

నరేంద్ర యాడ అని అడుగుతారంట, దానికేం చెప్తావ్ అని అడిగినా.

"అది నేను చెప్తాలే. అట్ల అడుగుతారని మాత్రం ఆమెకు ముందే చెప్పొద్దు."

"ఏమని చెప్తావ్?"

"చెప్తా అంటాండా గదప్పా."

ఏముంది, తెల్దు అని చెప్తాడు, అంతే గదా అనుకున్నా. నాకు కావాల్సిన మాట దొరికింది, ఇంగ తవ్వలేదు.

ఆ మధ్యాన్నం నాగవేణి బిడ్డను తీసుకుని మహానందమ్మకాడికి పోయింది. నేను అరుగు మీద కూర్చున్నా. ఆయమ్మ జాహ్నవికి తల దువ్వుతా ఉండిపోయింది. బిడ్డ మాత్రం వాగతానే ఉంది, బడిలో ఎవరో మీ నాయనది వేరే దేశమంటనే అన్నారని, అయితే మాకు విమానం టికెట్లు వస్తాయా అని. రెండో జడ అయిపోయినాక ఆయమ్మ నా చెల్లెల్ని అడిగింది, కాదు అంటే చాలునా, ఇంగేం అడగరు గదా అని. నాగవేణికి తెల్దు, అడగరత్తా అని చెప్పింది. తెలిసిన నేను అరుగు మీద గమ్మున కూర్చున్నా.

సోమవారం శెట్టి కార్లో బయలుదేరినాం. శెట్టి, నేను ముందర. వెనకాల శివనేశు, నాగవేణి, మహానందమ్మ. ఆయమ్మ ఒళ్లో టిఫిన్ క్యారియర్ ఉంది. ఆఫీసుల్లో ఎంతసేపు కూర్చోబెడతారో, వీడు ఆకలికి ఓర్చుకోలేడు అని పెరుగన్నం కలుపుకొచ్చింది. సిరివెళ్ల దాటినాం. అప్పుడు ఆయమ్మే మొదలుపెట్టింది.

"ఏంరా, ఇన్నేండ్లు సంగటి పెట్టింది నేనైతే, నోరు తెరిస్తే మీ అమ్మ పేరొచ్చిందా?"

"సంగటి పేరు అడిగింటే నీ పేరే చెప్తాంటి గదమ్మా" అన్నాడు శివనేశు.

ఆయమ్మ వాని నెత్తిన ఒకటి మొట్టి నవ్వింది. నాగవేణి గూడా నవ్వింది. ఆ దావలో నవ్వులంటే అవే.

నంద్యాల జిల్లా అయినాక ఇట్లాంటి పనులకు కర్నూలు పోయే బాధ తప్పింది. కమలాక్షమ్మ గేటుకాడనే నిలబడి ఉండాది. లోపల ఇన్‌స్పెక్టర్ చిన్న వయసోడు. అందరినీ కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించినాడు, మీరు మీరు అని మర్యాదగా మాట్లాడినాడు. అరిచేవాళ్లకాడ నాకు భయముండదు, చిన్నప్పటినుంచి అలవాటే. ఇట్ల మెల్లగా మాట్లాడేవాళ్లను చూస్తేనే భయం.

శివనేశు చెప్పినాడు. పడవ చెప్పినాడు, క్యాంపు చెప్పినాడు, తల్లి జరమొచ్చి పోయింది చెప్పినాడు, ఊర్లు తిరిగింది చెప్పినాడు. నా పేరు శివనేశన్ సార్, ఇది తప్ప నాకు వేరే ఊరు తెల్దు అన్నాడు. కమలాక్షమ్మ క్యాంపు వివరాలు అప్పజెప్పింది. ఇన్‌స్పెక్టర్ అంతా రాసుకున్నాడు. తర్వాత శెట్టిని అడిగితే, పెండ్లికోసం పీటల మీద కూర్చున్నాం, కార్డు నేనే తీయించినా, పిల్లోనికి ఏం తెల్దు అని గట్టిగానే చెప్పినాడు. ఆ పూట ఆయప్పను మెచ్చుకోకుండా ఉండలేకపోయినా.

ఇన్‌స్పెక్టర్ మహానందమ్మ పక్కకు తిరిగినాడు. ఈయన మీ కొడుకేనా అమ్మా అని అడిగినాడు.

ఆయమ్మ టిఫిన్ క్యారియర్ పిడిని రెండు చేతులా పట్టుకుంది. శివనేశును చూడలేదు. గోడకు చూసి చెప్పింది.

"కాదు."

నాగవేణి ఊపిరి వదిలింది నాకు వినపడింది. కమలాక్షమ్మ నా పక్క చూసి తల ఊపింది. అయిపోయింది అనుకున్నా. నా జన్మలో ఒక్క పనన్నా తిన్నగా అయింది అనుకున్నా.

"సరేనమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మరి ఈ కార్డులో ఉండే నరేంద్ర ఎక్కడున్నాడు?"

మహానందమ్మ నాగవేణి పక్క చూసింది, అడగరంటివే అన్నట్టు. తర్వాత నన్ను చూసింది. నేను నేలకు చూసినా.

"లేడు సార్" అన్నాడు శెట్టి.

లేడంటే ఏమని అడిగినాడు ఇన్‌స్పెక్టర్. శెట్టి గొంతు మారలేదు. షెడ్డులో బేరగాళ్లకు రాయి సంగతి చెప్పినట్టే చెప్పినాడు.

"ఇల్లు వదిలిపోయిన ఏడే, గుంతకల్లు దాటినాక పట్టాల మీద దొరికినాడు. జేబులో మా షెడ్డు చీటీ ఉంటే చూసి రైల్వే పోలీసులు ఫోన్ చేసినారు. నేనొక్కన్నే పోయినా. ఆడనే కొరివి పెట్టి వచ్చేసినా. ఈ పొద్దు దాకా ఎవురికీ చెప్పలేదు."

ఫ్యాను తిరగతాంది. బయట ఎవరో ఎవరినో టీ తెమ్మంటాండారు. మహానందమ్మ ఏడవలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటాండే మనిషిలాగ మొగుని మొగం చూస్తా ఉండిపోయింది.

"గుంతకల్లు పక్క కొత్త క్వారీ, రాయి చూసొస్తా అని పోయినావే. అప్పుడా?"

శెట్టి తల ఊపినాడు.

"వచ్చి ఇంట్లోకి రాకుండా బావికాడనే తలకు పోసుకుంటివి. దావంతా దుమ్ము అంటివి. నేను నీళ్లు తోడి పోస్తి."

శివనేశు లేచి ఆయమ్మ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. అమ్మా అన్నాడు. ఆయమ్మ టిఫిన్ క్యారియర్ కింద పెట్టి, వాని తల మీద చెయ్యి పెట్టింది. పెట్టి, ఇన్‌స్పెక్టర్ పక్క తిరిగింది.

"నాయనా, ఇందాక కాదన్నానే, అది కొట్టెయ్."

కమలాక్షమ్మ చటుక్కున లేచింది. అమ్మా, మీరు రొంతసేపు బయట కూర్చోండి, నీళ్లు తాగండి అనింది. ఆయమ్మ వినలేదు.

"నా కొడుకు యాడనో ఒకచోట ఉండాడు, ఒక పొద్దు వస్తాడు అనుకుని వీన్ని కాదంటి. వాడు రాడంట గదా. ఇంగ నాకుండేది వీడే. రాసుకో నాయనా. వీడు నా కొడుకు. నేనే కన్నా."

ఆ ఒక్క మాట రాసుకుంటే క్యాంపు లేదు, పడవ లేదు, పాత పేరు లేదు. దొంగకార్డు ఉంది, జైలుంది. నా చెల్లెలు నా చొక్కా పట్టుకుని లాగతాంది, అన్నా, ఏదన్నా చెప్పు, ఏదన్నా చెప్పు అని. పెద్ద నోరుండే నేను, ఊర్లో ఎవరినైనా మాటకు మాట అనే నేను, ఆయమ్మ ముందర ఏం చెప్పాల్నో తెలీక కుర్చీలోనే ఉండిపోయినా.

మీరు తెలిసే చెప్తాండారా అమ్మా అని అడిగినాడు ఇన్‌స్పెక్టర్. తెలిసే అనింది. వాని తల మీదినుంచి చెయ్యి తీయలేదు.

ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ చూసినాడు. పెన్ను మూత తీసినాడు. కొత్త కాగితం ఒకటి ముందరికి లాక్కున్నాడు. అయితే ఆయమ్మను అడగలేదు. కింద మోకాళ్ల మీద ఉండే శివనేశును అడిగినాడు, శుక్రవారం షెడ్డులో అడిగిన అదే మాట.

"మీరు చెప్పండి. మీ అమ్మ పేరేంది?"